వదిన వేలు, అన్నయ్య పాదం

మా వదినకు అసూయ ఎక్కువ. చాటుగా అంటున్న మాట కాదిది. ఆవిడ ముందే అంటాను, ఆవిడ కాదనదు. "ఉంది. ఉంటే ఏం?" అంటుంది. పక్కింటివాళ్లు కొత్త ఫ్రిజ్ కొన్న రోజు నుంచి మా ఫ్రిజ్ చప్పుడు ఆవిడకు పడదు. నా చీర బాగుందని ఎవరైనా అంటే ఆ పూటంతా నా వైపు చూడకుండానే మాట్లాడుతుంది. అన్నయ్య తన కీబోర్డును మెత్తటి గుడ్డతో తుడుచుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "దాన్ని తుడిచినట్టు ఇంట్లో ఒక్క గ్లాసు తుడిచిన పాపాన పోలేదు" అంటుంది.

వదిన గురించి ఆడపడుచు చెప్పేదాంట్లో సగానికి సగం కొట్టేయాలని మీరు అనుకోవచ్చు. అనుకోండి. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడకూ నాకూ రోజూ ఏదో ఒక మాట పడుతూనే ఉంటుంది. కానీ ఆవిడ చెవుల్ని ఎవరైనా తక్కువ చేస్తే మాత్రం నేనే వాళ్ల మీద పడతాను. మెట్లెక్కి వస్తున్నది ఎవరో అడుగుల చప్పుడును బట్టి చెబుతుంది. అన్నయ్యవాళ్లూ మేమూ ఉండేది ఒకే ఇంట్లో. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దంతా పైకీ కిందికీ తిరిగి ఇంటికొచ్చాక ఆయన నోటి నుంచి వచ్చేది 'ఊ' ఒక్కటే. ఆ 'ఊ'ల్లో వింటూ అన్నది ఏదో, వినకుండా అన్నది ఏదో వదిన ఇట్టే చెప్పేస్తుంది. నాకు ఆ తేడా ఈనాటికీ తెలియదు.

పెళ్లికి ముందు ఆవిడ చెవుల డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసేది. వచ్చినవాళ్లను అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపించేది. వినిపిస్తే చెయ్యెత్తాలి. అన్నయ్య చెవిలో నీళ్లు పోయాయని అక్కడికి వెళ్లాడు. కూత లేని చోట కూడా చెయ్యెత్తుతున్నాడట. "ఇప్పుడేం వినిపించింది మీకు?" అని వదిన విసుక్కుంటే, "మైకులో మీరు ఊపిరి తీసుకున్నారు కదండీ" అన్నాడట. ఆ ఒక్క ముక్కకు పడిపోయానని ఇప్పటికీ చెబుతుంది. అలా చెప్పినప్పుడల్లా నాకు కాస్త కుళ్లుగానే ఉంటుంది. మా పెళ్లిచూపుల్లో మా ఆయన నన్ను అడిగిన ఏకైక ప్రశ్న, "ఫ్యాను పెంచనా?"

పరదాల షాపు మీది అంతస్తులో మా స్టూడియో. మెట్ల మీద ఎప్పుడూ కొత్తబట్ట వాసన వేస్తుంది. రెండు గదులు, మధ్యన పెద్ద అద్దం. ఇటు గదిలో కంప్యూటరు, స్పీకర్లు, వదిన కుర్చీ. అటు గదిలో మైకు, అన్నయ్య కీబోర్డు. బయట వరండాలో ఒక బల్ల, నేను. ఎవరు ఎప్పుడు రావాలో రాసుకోవడం, వైర్లు చుట్టడం, దుమ్ము దులపడం నా పని. వదిన కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోకూడదు. ఒకసారి దులపడానికి వంగి చెయ్యి ఆనించినందుకే, వచ్చీ రాగానే "నా కుర్చీ ఎత్తు ఎవరు మార్చారు?" అని అడిగింది.

ఆవిడ చేసేది మిక్సింగ్. పాటలో ఒక్కో శబ్దానికి ఒక్కో వరుస, ఆ వరుసకొక మీట. ఆ మీటను ఫేడర్ అంటారు. పైకి తోస్తే శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. పాడేవాళ్లు ఒక మాట మింగేస్తే ఆ మాట దగ్గర గొంతు ఫేడర్ని కాస్త ఎత్తాలి, అరిస్తే దించాలి. పాట పొడుగునా వదిన ఈ పనే చేస్తుంది.

ఇంకో పని కూడా చేస్తుంది, దాని సంగతి ఎవరికీ చెప్పుకోదు. పాడేవాళ్లు వచ్చేది ఒక పూట. వాళ్లు వచ్చేలోపు అన్నయ్య కీబోర్డు వాయించాలంటే ఎవరో ఒకరు పాట పాడి పెట్టాలి. దాన్ని ట్రాక్ పాడటం అంటారు. ఆ ట్రాక్ వదిన పాడుతుంది. స్వరం తప్పదు కానీ గొంతులో తీపి లేదు. "నాది రేకు డబ్బా గొంతు" అని తనే అంటుంది. పైగా ప్రతి పాదం చివర ఆఖరి మాటను వదలబుద్ధి కానట్టు సాగదీస్తుంది. అసలు గాయని వచ్చి పాడేశాక వదిన ట్రాక్‌ను మ్యూట్ చేసేస్తారు. చెరిపెయ్యరు, మూసి ఉంచుతారు, అంతే.

పాటలో ఒక్కో లైన్‌నూ పాదమే అంటారు, కీబోర్డు కింద పెడల్ తొక్కేదీ పాదమే. మా ఇంట్లో గొడవంతా ఈ రెండు పాదాల మధ్యే వచ్చింది.

ఆ ఏడాది వదిన ఒక ఫేడర్ల పెట్టె కొంది. అన్నాళ్లూ మౌస్‌తో లాగి లాగి ఆవిడ మణికట్టు వాచింది. పెట్టె మీద చిటికెన వేలంత ఫేడర్లు ఎనిమిది, లోపల మోటార్లు. ఈ పెట్టె నుంచి కంప్యూటరుకు వెళ్లేది పాట కాదు, వట్టి అంకెలు. దీన్ని మిడి అంటారు. ఫేడర్ని పైకి తోస్తే అంకె పెరుగుతుంది, లాగితే తగ్గుతుంది. అన్నయ్య పెడల్ నుంచి వెళ్లేదీ ఇదే. తొక్కితే అంకె పెరుగుతుంది, కీబోర్డు మీద వాయించే వయొలిన్లు ఉప్పొంగుతాయి. ఏ అంకె వస్తే తెర మీద దేన్ని కదపాలో మనమే చెప్పాలి. అందుకు సాఫ్ట్‌వేర్లో 'లెర్న్' అని ఒక బటన్ ఉంది. తెర మీద ఫేడర్ని ఎంచుకుని, లెర్న్ నొక్కి, చేతి కింద ఉన్నదాన్ని కదపాలి. ఆ క్షణంలో ఏ అంకె ముందు వస్తే దాన్ని నేర్చేసుకుంటుంది. ఎవరి అంకె అని అడగదు.

పెట్టె తగిలించిన రోజు నేనక్కడే వైర్లు అందిస్తున్నాను. అద్దానికి అటువైపు అన్నయ్య, కిర్రుమంటున్న పెడల్‌కు ఒక చుక్క నూనె వేసి, తొక్కి తొక్కి చూసుకుంటున్నాడు. వదిన ఒక్కో ఫేడర్‌నీ కలుపుతూ వచ్చింది. గొంతు ఫేడర్ దగ్గర లెర్న్ నొక్కి వేలు కదిపితే, తెర మీది ఫేడర్ ఒకసారి ఉలిక్కిపడి ఊరుకుంది.

"మొండిది" అంటూ వదిన మళ్లీ నొక్కింది. ఈసారి చెప్పినట్టు విన్నది.

"అన్నయ్య పోలికే. రెండుసార్లు చెబితే గానీ వినదు" అన్నాను. వదిన నవ్వింది. ఆ తర్వాత చాలా రోజుల వరకు ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

ఆ పెట్టెతో ఇంకో సుఖం ఉంది. ఆటోమేషన్ ఆన్ చేసి ఉంచితే, పాట నడుస్తుండగా ఫేడర్ ఎలా కదిలిందో కంప్యూటరు అలాగే రాసి పెట్టుకుంటుంది. మళ్లీ పాట పెడితే పెట్టె మీద ఫేడర్లు వాటంతటవే ఆ కదలికలన్నీ చేసి చూపిస్తాయి. వదిన దాన్ని ఎప్పుడూ ఆపేది కాదు. తన కుర్చీలో కూర్చునే ధైర్యం ఎవరికీ లేనప్పుడు ఇంకెవరు కదుపుతారని ఆవిడ ధీమా.

అప్పుడు వచ్చాయి పరుపుల పాటలు. ఒక పరుపుల షాపు ఓనరు, పరుపు కొన్నవాళ్లకు జోలపాటలు ఉచితంగా ఇస్తానని, పాటలు తనే రాసుకుని వచ్చాడు. పాడటానికి ఒక అమ్మాయిని కూడా తెచ్చాడు. పగలు మందుల షాపులో పనిచేస్తుంది. వరండాలో నిలబడి రెండు లైన్లు పాడింది. కింద పరదాల షాపులో కత్తెర చప్పుడు కూడా ఆగింది.

"గొంతు బాగుంది" అన్నాడు అన్నయ్య. అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రెండు మాటల మీద వదిన వారం పాటు వంట చేసిందంటే నమ్మండి. "మీ అన్నయ్య ఎవర్నీ మెచ్చుకోడు. నన్ను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు" అంది. "నీ గొంతు రేకు డబ్బా అని నువ్వే అంటావుగా" అన్నాను. నేనలా అనకుండా ఉండాల్సింది. మూతి ముడుచుకుని వెళ్లి, స్పీకర్ల వెనక లేని దుమ్ము దులిపింది.

ఆ అమ్మాయి పాపం మంచిదే. పాట రికార్డు చేసిన రోజు అన్నయ్య ఊళ్లో వేరే పని మీద వెళ్లాడు. వదినే దగ్గరుండి పాడించింది. వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి నా బల్ల మీద ఒక దగ్గు మందు సీసా పెట్టి, "మొన్న సార్ దగ్గుతున్నారు, ఇవ్వండి" అంది. వదిన సీసాను వెలుగులో తిప్పి చూసి, "మన వీధి చివరి మందుల షాపు మూతపడిందా?" అని నన్ను అడిగింది.

అన్నయ్య పొద్దున్నే స్టూడియోకు వస్తాడు. వదిన పిల్లల్ని బడికి పంపి, ఇల్లు సర్దుకుని, కాస్త పొద్దెక్కాక వస్తుంది. పరుపుల ఓనరు మాటిమాటికీ ఫోన్ చేసి, "వయొలిన్లు ఇంకా మెత్తగా కావాలండీ, నిద్ర రావట్లేదు" అంటుండేవాడు. అందుకని అన్నయ్య రోజూ పొద్దున కీబోర్డు గదిలోనే, అదే కంప్యూటరుకు తగిలించిన చిన్న తెర ముందు కూర్చుని వయొలిన్లు మళ్లీ మళ్లీ వాయించి రికార్డు చేసేవాడు.

ఒక రోజు వదిన వచ్చి పాట పెట్టగానే, ఆ అమ్మాయి గొంతు ఫేడర్ దానంతటదే పైకి లేచింది. అక్కడ వదిన ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు. ఆవిడ దాన్ని దించి సరిచేసింది. మర్నాడు పెడితే మళ్లీ లేచింది. ప్రతి పాదం చివరా లేస్తోంది.

వదిన వరండాలోకి వచ్చింది. "పొద్దున మీ అన్నయ్య నా కుర్చీలో కూర్చున్నాడా?"

"లేదే. అటు గదిలోనే ఉన్నాడు."

"నువ్వు చూశావా?"

"వదినా, నేను ఇక్కడ కూర్చుంటాను. గోడల్లోంచి చూడటం నాకు రాదు."

"అయితే కూర్చున్నాడు" అంది. "ఆ అమ్మాయి గొంతు సరిపోలేదట ఆయనకి. నేను కావాలని తగ్గించాననుకుంటున్నాడు. అందుకే నేను రాకముందు వచ్చి ఎత్తుతున్నాడు. లోపలికి రా, ఇది విను."

విన్నాను. నాకు పాట బాగానే ఉంది. "చివర విను" అంది. పాదం అయిపోయింది, అమ్మాయి ఠక్కున ఆపేసింది, ఆపేశాక ఫేడర్ మెల్లగా పైకి లేచింది. స్పీకర్లలో సన్నగా ఆ అమ్మాయి ఊపిరి వినిపించింది.

"చూశావా? పాడింది చాలక ఊపిరి కూడా ఎత్తి వింటున్నాడు" అంది వదిన. ఊపిరి అనే మాట ఆవిడ నోటివెంట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు కాబట్టి ఎకసెక్కం ఆడబుద్ధి కాలేదు.

అన్నయ్యను అడగొచ్చు కదా అని మీరంటారు. నేనూ అన్నాను. "అడిగి చెప్పించుకోవాలా?" అంది. ఇంట్లో ఆయనతో మాటలు బొత్తిగా తగ్గించేసింది. "వడ్డించాను", "తలుపేసుకోండి", అంతే. అన్నయ్య నా దగ్గరికొచ్చి, "మీ వదినకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. "నీకే బాగాలేదు, దగ్గు మందు తాగు" అన్నాను. నిజంగానే వెళ్లి తాగాడు, అదీ వదిన చూస్తుండగా.

ఆ సాయంత్రం వదిన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. చెవుల డాక్టరుకు ఫోన్ చేసిందట. అక్కడ పాత ఉద్యోగం ఖాళీగానే ఉందట. "ఈ పరుపుల పాటలు ఇచ్చెయ్యగానే వెళ్లిపోతాను. స్టూడియో నువ్వూ మీ అన్నయ్యా చూసుకోండి. నా కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టుకుంటాడో కూర్చోబెట్టుకోమను."

కోపంతో అన్న మాటైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. మెల్లగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఆ చెవులు లేకపోతే మా స్టూడియో పరదాల షాపుకు గోడౌన్ అవుతుంది. ఆ సంగతి అటుంచండి. ఇద్దరూ ఒకే గొళ్లెం కింద ఉంటూ పలకరించుకోని ఇల్లు ఎలా ఉంటుందో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు నేనే కాపలా కాద్దామని తెల్లారగానే వచ్చి, దుమ్ముగుడ్డ చేత పట్టుకుని వదిన గదిలో నిలబడ్డాను. అద్దానికి అటు అన్నయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని వయొలిన్లు వాయిస్తున్నాడు. ఇటు కుర్చీ ఖాళీ. నా కళ్ల ముందే గొంతు ఫేడర్ మెల్లగా పైకి లేచింది. చేతిలో గుడ్డ జారిపోయింది. వంగి గుడ్డ తీసుకుంటూ అద్దంలోంచి చూస్తే, కీబోర్డు కింద అన్నయ్య పాదం పెడల్‌ను తొక్కుతోంది. పాదం దిగితే ఫేడర్ లేస్తోంది. పాదం లేస్తే ఫేడర్ దిగుతోంది.

వదినకు ఫోన్ చేశాను. "ఉన్నపళంగా రా."

"ఆ అమ్మాయి వచ్చిందా?"

"నువ్వు రా ముందు."

జుట్టు సగం అల్లుకుని, సగం చేత్తో పట్టుకుని వచ్చింది. గదంతా కలియజూసింది, అమ్మాయి లేదు. నేను పెట్టె వైపు చూపించాను, తర్వాత అద్దంలోంచి పాదం వైపు. వదిన చాలాసేపు ఆ రెంటినీ మార్చి మార్చి చూసింది. కంప్యూటర్లో ఏదో జాబితా తెరిచింది. గొంతు ఫేడర్ని కదిపేవి రెండు ఉన్నాయి అందులో. ఒకటి ఆవిడ వేలు, రెండోది ఆయన పెడల్.

"మొండిదన్నాను కదా ఆ రోజు" అంది మెల్లగా. "అది మొండిది కాదు. మొదటిసారే నేర్చుకుంది. ఆయన తొక్కుతున్నాడు, నేను నొక్కాను, నా వేలి కంటే ఆయన పాదం ముందు చేరింది."

అంటే అన్నయ్య పాదానికి ఆ అమ్మాయి గొంతును కట్టబెట్టింది వదినే, స్వయంగా, తన చేత్తో. నాకు నవ్వాగలేదు. ఇంక గొడవ తీరిందనుకుని ఆవిడ జడ అల్లుదామని వెనక్కి వెళ్లాను.

వదిన నా చెయ్యి తీసేసింది. "ఆగు. కావాలని చెయ్యలేదు, సరే. కానీ ఆ పాదం ఆ అమ్మాయి పాడే పాదం చివరే ఎందుకు దిగుతోంది? ప్రతిసారీ అక్కడే? చెవుల నిండా ఆవిడ గొంతు పెట్టుకుని, కళ్లు మూసుకుని మరీ వాయిస్తున్నాడు కదా."

ఇలాంటి తర్కం మా వదినకు తప్ప ఇంకెవరికీ తట్టదు. తలుపు తోసుకుని అటు గదిలోకి వెళ్లింది. నేను వెనకే పరిగెత్తాను. అన్నయ్య కళ్లు తెరిచేలోపే ఆయన తల మీంచి హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకు పెట్టుకుంది. పాట ఇంకా నడుస్తూనే ఉంది.

వదిన ముఖం నేను చూస్తూనే ఉన్నాను. మొదట తప్పు పట్టుకోబోయే ముఖం. తర్వాత ఏమీ అర్థం కాని ముఖం. హెడ్‌ఫోన్లలోంచి బయటికి సన్నగా కారుతున్న పాట నాకూ వినిపించింది. పాదం చివర ఆఖరి మాటను వదలకుండా సాగదీస్తున్న రేకు డబ్బా గొంతు.

"ఇది నా ట్రాక్ కదా" అంది.

"అవును" అన్నాడు అన్నయ్య.

"దీన్ని మూసేశాను కదా."

"నా హెడ్‌ఫోన్లలోకి మాత్రం తెరుచుకున్నాను. ఎప్పుడూ అంతేగా. నువ్వు చివర్లో సాగదీస్తావు, అక్కడ పెడల్ తొక్కితే బాగుంటుంది. అలవాటైపోయింది."

"ఆ అమ్మాయి పాడేసి ఎన్నాళ్లయింది? ఆవిడ గొంతు పెట్టుకోవాలిగా?"

అన్నయ్య తల గోక్కున్నాడు. "ఆ రోజు వరండాలో రెండు లైన్లు విన్నాను. పాట మొత్తం ఇంకా వినలేదు. ఎలా పాడింది?"

వదిన హెడ్‌ఫోన్లు తియ్యలేదు. రెండు చేతులతో చెవులకు గట్టిగా అదుముకుని, పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. తన గొంతు తనకే ఇష్టం లేని మనిషి, తన పాట తనే పూర్తిగా వినడం నేను చూడటం అదే మొదలు. అయ్యాక హెడ్‌ఫోన్లు ఆయన తలకు పెట్టి, చెవుల దగ్గర సరిచేసి, "బాగానే పాడింది ఆ అమ్మాయి" అంది.

చెవుల డాక్టరుకు ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసింది. రావడం కుదరదని చెప్పింది. అమ్మాయి గొంతు ఫేడర్ నుంచి పెడల్‌ను విడదీసి, అన్నయ్య పాదం ఎత్తిన చోట్లన్నీ దించేసి పాటలు ఇచ్చేసింది. అలాగని వదినకు అసూయ తగ్గిందని కాదు. మొన్ననే మందుల షాపు అమ్మాయి పెళ్లి కుదిరిందని తెలిసి, "నాకు ముందు చెప్పలేదేం?" అని నా మీద అలిగింది.

కానీ ఆ మధ్య ఒక పొద్దున దుమ్ము దులుపుతూ పెట్టె వైపు చూశాను. అన్నయ్య అటు గదిలో ఎవరిదో వేరే పాట వాయిస్తున్నాడు. పెట్టె మీద చిట్టచివరి ఫేడర్ ఒక్కటే పైకీ కిందికీ కదులుతోంది. వదిన అప్పుడే వచ్చింది.

"ఇది దేనిది వదినా?"

"నా ట్రాక్‌ది."

"అది మూసేసి ఉంది కదా, వినిపించదుగా?"

"వినిపించదు."

"మరి పెడల్ దీనికెందుకు కలిపావు?"

"ఉండనీ" అంది. తన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. ఫేడర్ లేచినప్పుడల్లా దాని మీద వేలు ఆనించింది. తొయ్యలేదు, లాగలేదు. ఊరికే ఆనించింది, అంతే.

నాకు కడుపు మండింది. దాచుకోవడం ఎందుకు? ఆ సాయంత్రం పని తొందరగా ముగించుకుని ఇంటికి వెళ్లాను. మా ఆయన చెప్పులు విడిచి, టీవీ ముందు కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. "ఇవాళ స్టూడియోలో ఏమైందో తెలుసా?" అన్నాను. "ఊ" అన్నాడు. ఆ 'ఊ' వింటూ అన్నదో, వినకుండా అన్నదో చెప్పడానికి పక్కన వదిన లేదు. నేను గుమ్మంలో నిలబడి ఆయన పాదాల వైపు చూశాను. ఎంతసేపు చూసినా కదల్లేదు.